నాన్న పాలబండిని ఇంట్లోనే ర్యాట్ బైక్ చేస్తున్నా: తుప్పును ఎంతవరకు ఉంచాలి?

పాలబండి_కొడుకు (చంద్రగిరి), శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా నాన్నది 2002 స్ప్లెండర్, ఏపీ 03 నంబరు. పద్దెనిమిదేళ్లు ఆ బండి మీదే పాలు పోశాడు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి, చుట్టుపక్కల పల్లెల్లో పాలు పట్టుకుని, వెలుతురు వచ్చేసరికి తిరుపతిలో ఇళ్లకు, టీ అంగళ్లకు వేసేవాడు. రెండు పక్కలా రెండు 40 లీటర్ల క్యాన్లు, ట్యాంకు మీద గోనెసంచి. నాలుగేళ్లుగా ఆయనకు మోకాళ్ల నొప్పులు. బండి పశువుల కొట్టం పక్కనే నిలబడిపోయింది.

పోయిన వారం ప్లగ్గు కడిగి, కొత్త పెట్రోలు పోసి కొడితే ఐదో కిక్కుకు స్టార్ట్ అయింది. కాసేపు పొగ వచ్చి తర్వాత తగ్గింది. ట్యాంకు బయట అంచులన్నీ తుప్పు, లోపల కూడా ఎర్రగా ఉంది. ఎడమ సైడ్ ప్యానెల్ లేదు. సీటు చిరిగింది. క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలు మాత్రం గట్టిగా ఉన్నాయి.

రంగు, స్టిక్కర్లు వేసి కొత్తదానిలా చేయించమని మా మామ అంటున్నాడు. నాకు మనసొప్పలేదు. క్యాన్లు రాసుకుని ట్యాంకు పక్కన రంగు పోయిన చోటు ఉంది చూడండి, అది చెరిగిపోతే ఇంక అది మా నాన్న బండి కాదు. బయటి దేశాల్లో తుప్పు, గీతలు అలాగే ఉంచి నడిపే ర్యాట్ బైకులు చూశాను. అలా చేయాలని ఉంది. స్పానర్ సెట్టు, డ్రిల్లు ఉన్నాయి, గ్రైండర్ అడిగి తెచ్చుకుంటాను. బడ్జెట్ పది వేలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాకాల_జంక్షన్, శనివారం రాత్రి 10.05

సూపర్ ఐడియా బ్రో. రెండు మడ్‌గార్డులూ కోసెయ్, సైలెన్సర్ సగానికి కోసి వదిలెయ్, సౌండు అదిరిపోతుంది. హ్యాండిల్ వెడల్పుది వెయ్. మిగతా అంతా మ్యాట్ బ్లాక్ స్ప్రే. తుప్పు లేని చోట ఉప్పునీళ్లు కొట్టి నాలుగు రోజులు ఎండలో పెడితే తుప్పు వచ్చేస్తుంది. నేను మా ఫ్రెండ్ బండికి అలాగే చేశా, అందరూ ఆగి చూస్తారు.

షెడ్డు_చిత్తూరు, ఆదివారం ఉదయం 6.20

తమ్ముడూ, నాది మెకానిక్ షెడ్డు, ముప్పై ఏళ్లు అయింది. నీ పోస్టు రెండుసార్లు చదివాను.

ముందు ఒక మాట. ర్యాట్ బైక్ అంటే పాతగా కనపడేలా తయారుచేసింది కాదు. దాని మీద డబ్బు పెట్టే స్తోమత లేకపోయినా, ఏ పార్టు దొరికితే ఆ పార్టు తగిలించి, ఆగిపోకుండా నడిపించుకుంటూ వచ్చిన బండి అది. అమెరికాలో, ఇంగ్లండులో ఈ పేరు పుట్టింది అలాంటి బండ్లకే. మ్యాట్ నలుపు కొట్టి, ముళ్లూ గొలుసులూ తగిలించే దాన్ని వాళ్లు సర్వైవల్ బైక్ అని వేరే పేరుతో పిలుస్తారు. ఆ లెక్కన మన జిల్లాలో పాలు పోసే ప్రతి బండీ ర్యాట్ బైకే. నీ బండి ఇప్పటికే ర్యాట్ బైక్. నువ్వు చేయాల్సింది దాన్ని మళ్లీ రోడ్డెక్కించడం.

కాబట్టి గ్రైండర్ పక్కన పెట్టు. మొదట బ్రేకులు. నాలుగేళ్లు కొట్టం పక్కన ఉంది కాబట్టి రెండు చక్రాలూ విప్పి డ్రమ్ములు చూడు. తేమకు లోపల తుప్పు పట్టి ఉంటుంది. లోపల పేరుకున్న పొడిని నోటితో ఊదొద్దు, ఎయిర్ కొట్టొద్దు, పాత బ్రేక్ షూలల్లో (డ్రమ్మును ఒత్తిపట్టే ముక్కల్లో) ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్. షూలు కొత్తవి వెయ్. షూలను తెరిచే బ్రేక్ క్యామ్ ఇరుసు బిగుసుకుపోయి ఉంటే విప్పి, శుభ్రం చేసి, పల్చగా గ్రీజు పెట్టు. చాలామంది షూలు మార్చి క్యామ్‌ను వదిలేస్తారు. తర్వాత బ్రేకు పట్టింది వదలడం లేదని మా దగ్గరికి వస్తారు.

తర్వాత టైర్లు. టైరు గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1416 అని ఉంటే 2016లో 14వ వారం. బటన్లు బాగున్నా అంత పాత టైరు మీద ప్రాణం పెట్టొద్దు. గోడలో సన్నని పగుళ్లు ఉంటాయి, చూడు.

ఇంగ కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాలిలో ఉంచి హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పు. మధ్యలో ఒకచోట పట్టినట్టు ఆగితే బాల్‌రేసు గుంట పడింది, మార్చాలి. పాలబండికి ఇది తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే బరువుతో గుంతల్లో పడి పడి వస్తుంది. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బుష్షులు కూడా అంతే, వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపితే తెలుస్తుంది. ఒక్కో క్యాన్ నిండితే 40 కిలోలు దాటుతుంది, రెండు పక్కలా కలిపి ఎంతో నువ్వే లెక్కేసుకో. ఫ్రేమ్‌లో వెనక షాక్ తగిలించే చోట, కొక్కేలు పట్టిన చోట పెయింటు గీకి వెంట్రుకంత పగులు ఉందేమో చూడు.

చైన్ వదులు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) పళ్లు కొడవళ్లలా వంగి ఉంటే చైను, రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చు. ఒక్కటే మార్చితే కొత్తది కూడా త్వరగా పోతుంది. కేబుళ్లు, పెట్రోలు పైపు ఎలాగూ కొత్తవి. ఇప్పుడు వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది.

నీ పది వేలల్లో ఏడు వేలు వీటికే పోతుంది. పోనీ.

పాలబండి_కొడుకు, ఆదివారం ఉదయం 8.15

అన్నా, చాలా థాంక్స్. ఈ రోజే చక్రాలు విప్పుతాను. కొక్కేలు పట్టిన చోట చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

పత్రాలు_మొదట (తిరుపతి), ఆదివారం ఉదయం 10.30

ఇంకో విషయం. 2002 బండి అంటే ఆర్‌సీ గడువు 2017లో అయిపోయి ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. మొదట ఆ తేదీ చూడండి. మళ్లీ ఫిట్‌నెస్‌కు బండిని చూపించాలి. మడ్‌గార్డులు కోసిన బండిని, సైలెన్సర్ కోసిన బండిని అక్కడ నిలబెడితే ఏమంటారో ఆలోచించండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడాగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించాక, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్నది గమనించండి. శబ్దం, పొగ కేసులకు సెక్షన్ వేరే, అక్కడ జరిమానా 10,000 దాకా ఉంది.

రంగు మార్చినా ఆర్‌సీలో రాయించాలి. మీ బండి ఆర్‌సీలో నలుపు అని ఉంటే నలుపులోనే ఉండండి. నంబర్ ప్లేటు మీద మాత్రం తుప్పు, రంగు ఏదీ పడకూడదు. అద్దాలు, ఇండికేటర్లు, వెనక లైటు పనిచేయాలి.

శారీ గార్డు తీయొద్దు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చుట్టుకోకుండా సగం చక్రమైనా కప్పే ఏర్పాటు ఉండాలని కేంద్ర నిబంధనల్లో 123వ రూల్ చెబుతుంది. రూల్ సంగతి అటుంచి, ఆ బండి మీద మీ అమ్మగారు కూడా కూర్చుంటారు కదా.

పాకాల_జంక్షన్, ఆదివారం ఉదయం 11.10

ఊళ్లో సగం బండ్లు మోడిఫై చేసినవే సార్. ఎవరూ ఆపరు. ఇట్ల అన్నిటికీ భయపడితే ఇంగ కస్టమైజేషన్ ఎందుకు?

పుత్తూరు_వైపు, ఆదివారం మధ్యాహ్నం 1.45

పాకాల తమ్ముడికి చెప్తున్నా, కోపం లేదు. నేను కూడా నీ వయసులో వెడల్పు హ్యాండిల్ కోసం పాత హ్యాండిల్‌ను మధ్యలో కోయించి, గొట్టం పెట్టి వెల్డింగ్ చేయించాను. ఊళ్లో ఒక వెల్డింగ్ షాపులో చేశారు. బయటికి అతుకు నున్నగా, బ్రహ్మాండంగా ఉంది. లోపల కరగనే లేదు. రెండు నెలలకు నగరి రోడ్డులో స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు పట్టి చేతుల మీద బరువు వేస్తే కుడి సగం చేతిలోకి ఊడి వచ్చింది. మణికట్టు విరిగింది. మా ఊరు ఎముకల కట్టుకు పేరున్న ఊరే, నెలన్నర కట్టుతో ఉన్నాను. ఇప్పటికీ చలికాలంలో క్లచ్ పట్టాలంటే నొప్పి.

హ్యాండిల్, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే కాళ్లు), ఫ్రేమ్, స్వింగ్ ఆర్మ్, ఈ నాలుగింటి మీద గ్రైండర్ పెట్టొద్దు. మిగతాది నీ ఇష్టం.

పాకాల_జంక్షన్, ఆదివారం మధ్యాహ్నం 2.20

అన్నా, మా ఫ్రెండ్ బండికి కూడా హ్యాండిల్ అలాగే వెల్డింగ్. సాయంత్రం వెళ్లి తీయిస్తా.

రేణిగుంట_ఆర్ఎక్స్, ఆదివారం రాత్రి 8.50

ట్యాంకు లోపలి తుప్పు గురించి ఎవరూ చెప్పలేదు. అది తీయకుండా ఏం చేసినా కార్బురేటర్ జెట్టు, అంటే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం, వారానికోసారి మూసుకుపోతుంది.

తుప్పు పల్చగా ఉంటే వెనిగర్ చాలు. పెట్రోలు కాక్ విప్పి ఆ రంధ్రం మూసి, ట్యాంకు నిండా పోసి ఒకటి రెండు రోజులు ఉంచి, మధ్యలో గుప్పెడు నట్లు వేసి కదిలించాలి. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగితే పులుపు విరిగిపోతుంది.

నా యమహా ఆర్ఎక్స్ బండి ట్యాంకు పొరలు పొరలుగా తుప్పు పట్టింది, వెనిగర్‌కు లొంగలేదు. బ్యాటరీ ఛార్జర్‌తో తీశాను. ముందు పెట్రోలు వాసన పోయేదాకా సబ్బునీళ్లతో నాలుగైదు సార్లు కడగాలి. తర్వాత బట్టల సోడా, లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా లెక్కన కలిపి మూతి దాకా నింపాలి. మామూలు ఇనుప కడ్డీని ట్యాంకుకు ఎక్కడా తగలకుండా ప్లాస్టిక్ మూతలోంచి వేలాడదీయాలి. 12 వోల్టుల ఛార్జర్ ప్లస్ ఆ కడ్డీకి, మైనస్ ట్యాంకుకు. ఇది తారుమారైతే కడ్డీ బదులు ట్యాంకు కరుగుతుంది. బుడగలు వస్తాయి, అందులో హైడ్రోజన్ ఉంటుంది, అంటుకుంటుంది. ఆరుబయట చేయండి, దగ్గర బీడీ కూడా వెలిగించొద్దు, ఛార్జర్ స్విచ్ ఆపాకే క్లిప్పులు తీయండి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ అసలు వాడొద్దు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది.

కడిగిన పది నిమిషాల్లోనే కొత్త తుప్పు మొదలవుతుంది. అందుకే వెంటనే ఆరబెట్టి, పెట్రోలులో కాస్త 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకు పోసేది) కలిపి లోపల అంతా తిప్పాలి. ట్యాంకుకు చిల్లు కనబడితే వెల్డింగ్‌కు మాత్రం తీసుకెళ్లొద్దు. ఖాళీ ట్యాంకు అనుకున్నదే పేలుతుంది, ఆవిరి ఉంటుంది కాబట్టి.

కరక్కాయ_నలుపు (శ్రీకాళహస్తి), సోమవారం రాత్రి 10.15

పాలబండి అన్నా, నీ మొదటి ప్రశ్న, తుప్పును ఎంతవరకు ఉంచాలి అన్నది అలాగే మిగిలిపోయింది. నేను చెప్తాను. మా ఇంట్లో కలంకారీ పని చేస్తారు. తుప్పుతో నలుపు చేయడం మాకు తరతరాల పని.

మా నలుపు ఎట్ల వస్తుందంటే, పాత ఇనుప ముక్కలు, తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. గుడ్డను ముందే కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలల్లో నానబెట్టి ఎండబెడతారు. పాలల్లోని కొవ్వు వల్ల రంగు పాకదు, గీసిన గీత గీసినట్టే నిలుస్తుంది. కుండలో నీళ్లు చూస్తే మామూలు బురదరంగే. కలం పెట్టి ఆ గుడ్డ మీద గీయగానే కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్న వగరు, ఇనుము కలిసి పుట్టే నలుపు అది. ఉతికినా పోదు.

ఇంజనీరింగ్ చదివేటప్పుడు తెలిసింది, తుప్పు మీద పూసే రస్ట్ కన్వర్టర్ డబ్బాల్లో కొన్నిటిలో వాడేది కూడా ఇదే, టానిక్ ఆమ్లం. ఎర్ర తుప్పును నల్లటి ఐరన్ టానేట్‌గా మారుస్తుంది. అప్పుడు నా పాత హీరో హోండా సీడీ 100 బండి సైడ్ ప్యానెల్ మీద మా ఇంటి కరక్కాయతోనే చేసి చూశాను. మూడు వర్షాకాలాలు అయింది, బాగుంది.

పద్ధతి చెప్తాను. వదులుగా ఉన్న తుప్పు పొరను ఇనుప బ్రష్‌తో రాల్చు. తళతళలాడేదాకా గీకొద్దు, గట్టిగా అంటుకుని ఉన్న తుప్పే మనకు రంగు. గ్రీజు మరకలు సబ్బుతో పోవాలి, లేకపోతే అక్కడ పట్టదు. పావుకిలో కరక్కాయలు గింజ తీసి దంచి, లీటరు నీళ్లలో సగం అయ్యేదాకా కాచి వడగట్టు. అల్యూమినియం, ఇనుప గిన్నెల్లో కాచొద్దు, స్టీలుదో మట్టిదో వాడు. చల్లారాక కొంచెం వెనిగర్ కలిపి బ్రష్‌తో పూయి. అరగంటలో నీలం కలిసిన నలుపు వస్తుంది. ఆరాక రెండో కోటు, మూడో కోటు. రంగు పోకుండా మిగిలిన చోట ఇది పట్టదు, కాబట్టి క్యాన్లు రాసుకున్న ఆ మచ్చ ఆకారం అలాగే ఉంటుంది, ఎరుపు బదులు నలుపుగా కనబడుతుంది. ఆర్‌సీలో నలుపు ఉంటే ఇంకా మంచిది.

ఒక్కటి గుర్తుంచుకో. ఈ నలుపు ఒక్కటే వానకు ఆగదు. పైన మ్యాట్ క్లియర్ కోటు వేయాలి. అది వద్దనుకుంటే పెయింటు అంగట్లో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, గుడ్డతో చాలా పల్చగా రుద్ది ఎండబెట్టు. ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతట అదే వేడెక్కి మంట పుడుతుంది. నీళ్లలో ముంచి, బయట పరిచి ఆరబెట్టాకే పారెయ్. కొట్టంలో వరిగడ్డి ఉంటుంది కదా, అందుకే ఇంత చెప్తున్నా.

ఉప్పునీళ్ల తుప్పు మాత్రం వద్దు. ఉప్పు అతుకుల్లోకి దిగి కూర్చుంటుంది, పైన ఏం పూసినా కింద తింటూనే ఉంటుంది.

షెడ్డు_చిత్తూరు, మంగళవారం ఉదయం 6.00

కరక్కాయ సంగతి నాకు ఇన్నేళ్లలో తెలియదు. నేను ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న డబ్బా వాడుతున్నాను. షెడ్డులో ఒక పాత మడ్‌గార్డు మీద చేసి చూస్తాను.

సైలెన్సర్‌కు కరక్కాయ నలుపు, అవిసె నూనె, రెండూ వద్దు, వేడికి కాలిపోతాయి. దానికి వేడి తట్టుకునే పెయింటు వేరే ఉంది. గుడ్డపట్టీ చుట్టొద్దు, అది తేమ పట్టి కింద గొట్టాన్ని తింటుంది. చిల్లులు పడి ఉంటే పాత ఇనుము అంగట్లో వెతుకు, స్ప్లెండర్ సైలెన్సర్ తేలిగ్గా దొరుకుతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసేయమని ఎవరైనా చెప్తే వినొద్దు. దుమ్ము నేరుగా ఇంజన్ బోరులోకి, అంటే సిలిండర్‌లోకి పోతుంది, పైగా గాలి ఎక్కువై ఇంజన్ కాలుతుంది.

అలిపిరి_మలుపు, మంగళవారం రాత్రి 9.30

అంతా అయ్యాక కొండకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఒక మాట. ఎక్కేటప్పుడు పాత 97 సీసీ ఇంజన్ కష్టపడుతుంది కానీ ఎక్కుతుంది. పరీక్ష దిగేటప్పుడే. దిగేది పాత ఘాట్ రోడ్డు, 1944లో వేసింది, మలుపు మీద మలుపు. డ్రమ్ బ్రేకును పట్టుకునే దిగితే సగం దారిలో వేడెక్కి లీవరు మెత్తబడుతుంది. రెండో గేరులో, థ్రాటిల్ వదిలి, ఇంజన్‌తోనే దించాలి. న్యూట్రల్‌లో పెట్రోలు మిగుల్చుకుంటూ దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. కొత్త షూలు డ్రమ్ముకు సర్దుకోవడానికి ముందు రెండు మూడు వందల కిలోమీటర్లు ఊళ్లో తిప్పు, తర్వాతే కొండ.

సీటుకు నల్ల రెక్సిన్ వద్దు. తిరుపతి మే నెల ఎండలో కూర్చోలేరు. మీ నాన్న ట్యాంకు మీద వేసిన గోనెసంచి ఉంటే కొత్త ఫోమ్ మీద దాన్నే కుట్టించు, లోపల ఒక ప్లాస్టిక్ షీటు వేస్తే వాననీళ్లు ఫోమ్‌లోకి దిగవు.

పాలబండి_కొడుకు, మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5.30

అందరికీ ఎట్ల చెప్పాలో తెలియడం లేదు. ఇప్పటిదాకా అయింది రాస్తున్నాను.

వెనక షూలు ఇనుము తగిలేదాకా అరిగాయి. ఆ బ్రేకుతోనే మా నాన్న రెండు క్యాన్లతో తిరిగాడని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. షెడ్డు అన్న చెప్పినట్టు కోన్ సెట్టు గుంట పడే ఉంది. కొక్కేలు పట్టిన చోట కుడివైపు నిజంగానే పగులు ఉంది, వేలి గోరంత. కొక్కేలు విప్పేసి, వెల్డింగ్ కరెంటుకు పాడవకుండా బ్యాటరీ, సీడీఐ (ప్లగ్గుకు కరెంటు పంపే పెట్టె) తీసేసి, ఊళ్లో నమ్మకమైన ఆయన దగ్గర దాన్ని సరిచేయించాను. టైర్లు 2015వి. రెండూ మార్చాను. మొత్తం 8,400 అయింది. ఆర్‌సీ గడువు 2027 దాకా ఉంది, రంగు నలుపే.

ట్యాంకు వెనిగర్‌కే శుభ్రపడింది. పన్నెండు నట్లు వేశాను, పన్నెండూ తీశాను.

ఈ ఉదయం కరక్కాయ కషాయం కాచి ట్యాంకు మీద మొదటి కోటు వేశాను. మా నాన్న మంచం బయటికి వేయించుకుని కూర్చుని చూశాడు. మొదట ఏమీ అనలేదు. ఎర్రటి మచ్చ నల్లబడుతుంటే, ‘ఇది ఎడమ క్యాను తగిలే చోటు, గంగ జాతరప్పుడు ఆ క్యాను మార్చాను, అప్పటిదాకా ఇంత గీసుకునేది కాదు’ అని చెప్పడం మొదలుపెట్టాడు. ట్యాంకు మీద ఒక్కో గీత ఎప్పుడు పడిందో ఆయనకు తెలుసు. నేను అడిగి అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

కరక్కాయ అన్నా, ఒక డౌటు. ఇక్కడ పొద్దున్నుంచి ముసురు పట్టింది. మొదటి కోటు కొన్నిచోట్ల నల్లగా, కొన్నిచోట్ల ఊదారంగుగా ఉంది, చేత్తో తాకితే కాస్త అంటుతోంది. రెండో కోటు ఇప్పుడే వేసేయమంటావా?

కరక్కాయ_నలుపు, ఆదివారం సాయంత్రం 6.10

వద్దన్నా. తడి ఆరలేదు, అందుకే ఊదారంగు. ట్యాంకును ఇంట్లో పొయ్యికి దూరంగా, గాలి తగిలే చోట పెట్టు. ఎండ కాసిన రోజు పదిన్నర తర్వాత చూడు, వేలికి మరక అంటకపోతే అప్పుడు వెయ్. మిగిలిన కషాయం మూతపెట్టి ఉంచు, రెండు రోజులు చెడిపోదు.